డిపాజిట్‌కు కౌన్సిల్ సాయం కావాలంటే డబ్బు కట్టకముందే అడగండి

మీరు రాసినదాన్నిబట్టి మీ పరిస్థితి ఇది. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నారు. మీ ఇద్దరికీ ఐఎల్‌ఆర్, అంటే శాశ్వత నివాస అనుమతి ఉంది. మీరు బడి వంటగదిలో కొన్ని గంటలు పని చేస్తున్నారు, మీ వారికి గోదాములో పని పోయింది. యూనివర్సల్ క్రెడిట్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం వస్తోంది, అందులో అద్దె భాగం కూడా ఉంది. బాబుకు పదకొండేళ్ళు, పాపకు ఎనిమిది. ఇల్లు అమ్ముకుంటానని యజమాని నోటీసు ఇచ్చాడు. నెలకు 1,150 పౌండ్ల అద్దెలో ఒక ఇల్లు చూశారు గాని, అందులో చేరాలంటే ఒకేసారి రెండున్నర వేల పౌండ్ల దాకా కావాలి. ఇప్పటికి బంధువుల దగ్గర అప్పు తెచ్చి కట్టేసి, తర్వాత కౌన్సిల్‌ను, అంటే మీ ఊరి స్థానిక ప్రభుత్వాన్ని అడిగి తెచ్చుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

అలా చేయకండి. నేను ఇంగ్లండ్‌లో ఇళ్ళ సలహా కేంద్రంలో చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. అర్హత ఉండి కూడా సాయం పోగొట్టుకున్నవారిలో ఎక్కువమంది ఇలా ముందు కట్టేసి తర్వాత వచ్చినవారే. కౌన్సిల్ సాయం తీరని అవసరానికి ఇచ్చేది. మీరు ఏదో ఒకలా డబ్బు సర్దేశారంటే, వాళ్ళ లెక్కలో ఆ అవసరం తీరిపోయినట్టే. ఒక జంట శుక్రవారం సాయంత్రం క్రెడిట్ కార్డుతో డిపాజిట్ కట్టి, సోమవారం పొద్దున్నే రసీదు పట్టుకుని మా దగ్గరకు వచ్చారు. వాళ్ళ కౌన్సిల్ రెండు వాక్యాల్లో తిరస్కరించింది: డిపాజిట్ ఇప్పటికే చెల్లించారు, కాబట్టి సాయం అవసరం కనిపించడం లేదు. గురువారం వచ్చి ఉంటే వాళ్ళ దరఖాస్తు గట్టిగా నిలబడేది. కార్డు మీద వడ్డీ మాత్రం ఇంకా కడుతూనే ఉన్నారు.

ఇక అసలు మీకు ఎంత కావాలో తేల్చుకుందాం. 2019 జూన్ 1 నుంచి ఇంగ్లండ్‌లో కొత్త అద్దెలకు డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదు (ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉంటే). నెలకు 1,150 అంటే ఏడాదికి 13,800. దాన్ని 52తో భాగిస్తే వారానికి 265.38, ఐదు వారాలకు 1,326.92. మొదటి నెల అద్దె 1,150 కలిపితే 2,476.92 పౌండ్లు. పెన్నీలతో సహా ఎందుకు చెబుతున్నానంటే దరఖాస్తులో ఈ అంకే రాయాలి. "సుమారు మూడు వేలు" అని రాస్తే, ఆ పైన అంతా ఎందుకని అడుగుతూ కాగితం వెనక్కి వస్తుంది, వారం రోజులు పోతాయి. ఏజెంటు "అడ్మిన్ ఫీజు", "రిఫరెన్స్ ఫీజు", "ఇన్వెంటరీ ఫీజు" అని ఏది అడిగినా అది చట్టవిరుద్ధం. కట్టనవసరం లేదు, కౌన్సిల్ కూడా ఇవ్వదు.

మన వాళ్ళలో చాలామందిని బాధపెట్టిన ఆరు నెలల ముందస్తు అద్దె సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ క్రెడిట్ చరిత్ర లేదు, ష్యూరిటీ ఇచ్చే మనిషి లేడు అంటే ఆరు నెలల అద్దె ఒకేసారి తెమ్మనేవారు. ఊళ్ళో పొలం తాకట్టు పెట్టి పంపిన డబ్బు అలా వెళ్ళిపోయిన కుటుంబాలు నాకు తెలుసు. 2025 అక్టోబరు 27న ఆమోదం పొందిన అద్దెదారుల హక్కుల చట్టం 2026 మే 1 నుంచి దీన్ని ఆపింది. ఒప్పందం మీద సంతకాలు కాకముందు యజమాని అద్దె ఏమీ తీసుకోకూడదు. సంతకాలయ్యాక, ఇంట్లో చేరకముందు ఒక నెల అద్దెకు మించి అడగకూడదు, మీరు ఇస్తానన్నా తీసుకోకూడదు. యూనివర్సల్ క్రెడిట్ వచ్చేవారికి, పిల్లలున్నవారికి ఇల్లు ఇవ్వమనడం కూడా ఆ చట్టం కింద కుదరదు. ఎవరైనా ఆరు నెలలు అడిగితే ఆ మాట ఈమెయిల్‌లో రాయించుకుని కౌన్సిల్‌కు పంపండి.

ఇప్పుడు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. కౌన్సిల్ ఒకటే అయినా లోపల విభాగాలు వేరు, నిధులు వేరు. ఒక చోట లేదంటే అంతటా లేదని అనుకుని చాలామంది వెనక్కి వచ్చేస్తారు.

మొదట వెళ్ళాల్సింది ఇల్లు కోల్పోయే ప్రమాదంలో ఉన్నవారిని చూసే విభాగానికి, అంటే హౌసింగ్ ఆప్షన్స్‌కు. 2018 ఏప్రిల్ 3 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, మీరు 56 రోజుల లోపు ఇల్లు కోల్పోయే అవకాశం ఉంటే దాన్ని నివారించడానికి ప్రయత్నించడం కౌన్సిల్ బాధ్యత. వాళ్ళు మీతో కూర్చుని మీ కోసం ఒక లిఖిత ప్రణాళిక తయారు చేయాలి. డిపాజిట్, మొదటి నెల అద్దె ఇప్పించడం ఆ నివారణలో మామూలుగా జరిగే పనే. మీ నోటీసు ఇల్లు అమ్మకం కారణంగా, 2026 మే 1 తర్వాత ఇచ్చినదైతే కనీసం నాలుగు నెలల గడువు ఉండాలి. మీరు ఆ ఇంట్లో చేరిన మొదటి ఏడాదిలో ఆ కారణంతో ఖాళీ చేయించలేరు. ముందు ఆ కాగితం చెల్లుతుందో లేదో ఎవరికైనా చూపించండి. 56 రోజులు ఇంకా దూరమని ఆగకండి. సలహా ఇవ్వడం కౌన్సిల్ విధి, దానికి గడువు లేదు. ఇల్లు వెతికే పని ఈ రోజే మొదలుపెట్టామని వాళ్ళ ఫైలులో ఉండటం మీకు మంచిది.

రెండోది బెనిఫిట్ల విభాగం ఇచ్చే అద్దె సాయం. దీన్ని ఇన్నాళ్ళూ డిస్క్రిషనరీ హౌసింగ్ పేమెంట్ అనేవారు. 2026 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లండ్‌లో అది క్రైసిస్ అండ్ రెసిలియెన్స్ ఫండ్ అనే కొత్త నిధిలో కలిసింది. కౌన్సిల్ వెబ్‌సైటులో పాత పేరు కనబడకపోతే పథకం ఎత్తేశారని అనుకోకండి, కొత్త పేరుతో వెతకండి. యూనివర్సల్ క్రెడిట్‌లో అద్దె భాగం వస్తోంది కాబట్టి మీరు అడగదగినవారే. ఈ పద్ధతిలో ఇచ్చేది అప్పు కాదు. అయితే ఇవ్వాలా వద్దా అన్నది కౌన్సిల్ విచక్షణ, కేటాయింపు కూడా పరిమితం. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. చలికాలం ముగిసేసరికి డబ్బు పలచబడటం సహజం. అందుకే తొందరపడమంటున్నాను.

మూడోది హామీ పత్రం, ఇక్కడ బాండ్ అంటారు. కౌన్సిల్ డబ్బు ఇవ్వకుండా, అద్దెదారు నష్టం కలిగిస్తే ఇంత వరకు మేం చెల్లిస్తామని యజమానికి రాసి ఇస్తుంది. యజమానులు కొందరు దీన్ని ఒప్పుకోరు, చేతికి డబ్బు రావాలంటారు. ఒప్పుకుంటే మీకు మేలే, కాకపోతే ఒక్క సంగతి: యజమాని తర్వాత ఆ హామీని వాడుకుంటే, ఆ మొత్తాన్ని కౌన్సిల్ మీ దగ్గర వసూలు చేయవచ్చు. కొన్ని కౌన్సిళ్ళు బాండ్‌కు బదులు వడ్డీ లేని అప్పు ఇస్తాయి. ఏది ఇస్తున్నారో కాగితం మీద చదివి గాని ఒప్పుకోకండి. ఇది గ్రాంటా, అప్పా, హామీయా అని ఆఫీసరును సూటిగా అడగండి.

యూనివర్సల్ క్రెడిట్ నుంచే బడ్జెటింగ్ అడ్వాన్స్ అనే అప్పు ఉందని మీకు ఎవరో చెప్పారన్నారు. నిజమే, కానీ గడచిన ఆరు నెలల్లో దంపతుల సంపాదన కలిపి 3,600 పౌండ్లు దాటితే అది రాదు. మీ జీతం ఒక్కటే ఆ హద్దు దాటేలా ఉంది. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక దరఖాస్తు. ఫారంలో "మీకు సాయం ఎందుకు కావాలి" అనే గడి ఉంటుంది. అక్కడ చాలామంది కష్టాల కథంతా రాస్తారు. మీ కష్టం నిజం, కానీ ఆ గడిని చదివే ఆఫీసరుకు కావలసినవి నాలుగు విషయాలు: ఎంత కావాలి, ఎప్పటికి కావాలి, మీ దగ్గర ఎందుకు లేదు, ఇవ్వకపోతే ఏమవుతుంది. మీ విషయంలో అది ఇలా ఉండవచ్చు: "కొత్త ఇంటికి డిపాజిట్ 1,326.92, మొదటి నెల అద్దె 1,150, మొత్తం 2,476.92 పౌండ్లు కావాలి. మా ఖాతాలో ఇంత ఉంది, స్టేట్‌మెంట్లు జతపరిచాం. పాత ఇంటి డిపాజిట్ ఇంత, అది ఖాళీ చేశాక గాని తిరిగి రాదు. యూనివర్సల్ క్రెడిట్ నెలాఖరుకు వస్తుంది, అద్దె నెల మొదట్లో కట్టాలి. ఈ ఇల్లు తప్పిపోతే ఫలానా తేదీకి ఇద్దరు పిల్లలతో తాత్కాలిక వసతి అడగవలసి వస్తుంది. పిల్లలు ఫలానా బడిలో చదువుతున్నారు." చివరి రెండు వాక్యాలు వదలకండి. ఒక కుటుంబాన్ని నెలల తరబడి తాత్కాలిక వసతిలో ఉంచడానికయ్యే ఖర్చు ముందు మీ రెండున్నర వేలు చిన్న మొత్తమని ఆ ఆఫీసరుకు బాగా తెలుసు. ఆ పోలిక వాళ్ళ కళ్ళ ముందు ఉండాలి.

పాత డిపాజిట్ గురించిన వాక్యం కూడా ముఖ్యం. ఇంతకుముందు ఇల్లు ఉన్నవారికి డిపాజిట్ ఉండే ఉంటుంది కదా అని ఆఫీసర్లు అనుకుంటారు. అది వచ్చాక కొంత తిరిగి కట్టమని షరతు పెడితే, మీకు వీలైతే ఒప్పుకోండి.

కౌన్సిల్ తప్పకుండా చూసేది, కొత్త ఇంటి అద్దెను మీరు నెలనెలా కట్టగలరా అన్నది. మూడు నెలల్లో బకాయి పడే ఇంటికి డిపాజిట్ ఇవ్వడానికి వాళ్ళు ఇష్టపడరు. మీ అద్దె భాగానికి గరిష్ఠ హద్దును లోకల్ హౌసింగ్ అలవెన్స్ నిర్ణయిస్తుంది. ప్రభుత్వ వెబ్‌సైటులో పోస్ట్‌కోడ్, పడక గదుల సంఖ్య ఇస్తే ఆ అంకె వస్తుంది. ఇక్కడ మీకు అనుకూలమైన విషయం ఒకటి ఉంది. పదేళ్ళ లోపు పిల్లలైతే ఆడపిల్ల, మగపిల్లవాడు ఒకే గదిలో ఉండగలరని లెక్కిస్తారు. మీ బాబుకు పదకొండు కాబట్టి ఇద్దరికీ వేర్వేరు గదులు, మీ దంపతులకు ఒకటి; మీకు వర్తించేది మూడు గదుల రేటు. రెండు గదుల రేటుతో లెక్క వేసి "ఈ ఇల్లు మీ స్తోమతకు మించింది" అన్న జవాబు వస్తే వెంటనే దీన్ని ఎత్తి చూపండి. ఆ రేట్లను 2024 ఏప్రిల్‌లో పెంచారు, 2025లో పెంచలేదు, అద్దెలు మాత్రం ఆగలేదు. అందువల్ల రేటుకూ 1,150కీ తేడా ఉండవచ్చు. ఆ తేడా ఎలా భర్తీ చేస్తారో ఒక ఖర్చుల పట్టికలో చూపించండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. తిండికి వారానికి ఇరవై పౌండ్లే అని రాస్తే ఎవరూ నమ్మరు.

బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. అందులో ఇండియాకు పంపిన డబ్బు కనిపిస్తుంది. అమ్మానాన్నల మందులకు పంపాం అని ఒక్క ముక్క ముందే రాసి పెట్టండి, దాచాల్సిన పని కాదు. కానీ ఊళ్ళో మీ పేరున స్థలమో ఫ్లాటో ఉంటే దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. యూనివర్సల్ క్రెడిట్‌కు ఆస్తి హద్దు 16,000 పౌండ్లు, విదేశాల్లోని ఆస్తి కూడా లెక్కలోకి వస్తుంది. హైదరాబాదు శివార్లలో ఒక ప్లాటు ఆ హద్దును దాటించగలదు. చెప్పకుండా తీసుకుంటే అంతా తిరిగి కట్టమనే రోజు వస్తుంది, జరిమానా వేరే. అలాంటిది ఏదైనా ఉంటే దరఖాస్తు పెట్టకముందే ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ వారితో మాట్లాడండి.

ఏజెంటును ఎలా ఆపాలి అన్నది మీ మరో బెంగ. ఇల్లు మీకోసం ఆపి ఉంచడానికి హోల్డింగ్ డిపాజిట్ అడుగుతారు. అది ఒక వారం అద్దెకు, మీ విషయంలో 265.38 పౌండ్లకు మించకూడదు. ఈ చిన్న మొత్తం మీ సొంతంగా కట్టగలిగితే కట్టండి, దరఖాస్తులో ఆ మాట చెప్పండి. కానీ కట్టే ముందు ఒక పని తప్పనిసరి. మామూలుగా పదిహేను రోజుల్లో ఒప్పందం కుదరాలి. కౌన్సిల్ నిర్ణయానికి అంతకన్నా ఎక్కువ పట్టవచ్చు. కాబట్టి ఆ గడువును నాలుగు వారాలకు పెంచుతున్నట్టు ఏజెంటుతో రాతపూర్వకంగా ఒప్పించండి, ఈమెయిల్ చాలు. చట్టమే ఆ వెసులుబాటు ఇచ్చింది. మధ్యలో మీరే వద్దనుకుంటే మాత్రం ఆ డబ్బు పోతుంది.

ఇంగ్లీషులో మాట్లాడటం కష్టమనిపిస్తే తెలుగు దుబాసీ కావాలని ముందే అడగండి. దయచేసి మీ బాబును తీసుకెళ్ళి మాట్లాడించకండి. ఇల్లు పోతుందేమోనన్న మాటను తల్లిదండ్రుల తరఫున పదకొండేళ్ళ పిల్లవాడు ఆఫీసరుకు చెప్పడం, ఆఫీసరు అన్నమాటను మళ్ళీ అమ్మకు చెప్పడం నేను చూశాను. ఆ భారం పిల్లల మీద పెట్టకూడదు.

మీ ప్రశ్న కింద మరో ఇద్దరు తమ వీసా సంగతి అడిగారు కాబట్టి వాళ్ళకూ చెబుతాను. పైన చెప్పినదంతా ఐఎల్‌ఆర్, బ్రిటిష్ పౌరసత్వం, లేదా ప్రభుత్వ నిధులు వాడుకునే హక్కు ఉన్నవారికి. విద్యార్థి వీసా, స్కిల్డ్ వర్కర్ వీసా, వాళ్ళ మీద ఆధారపడిన కుటుంబ వీసాల్లో సాధారణంగా "ప్రభుత్వ నిధులు వర్తించవు" అన్న షరతు ఉంటుంది. యూనివర్సల్ క్రెడిట్, హౌసింగ్ బెనిఫిట్, ఇల్లు లేనివారికి కౌన్సిల్ ఇచ్చే వసతి ఆ నిధుల కిందికి వస్తాయి. తెలియక దరఖాస్తు పెట్టినా వీసాకే ముప్పు. మీ ఈ-వీసాలో (ఆన్‌లైన్‌లో ఉండే వీసా వివరాల్లో) ఆ షరతు ఉందో లేదో చూసుకోకుండా ఏ ఫారమూ నింపకండి. భార్యాభర్తల్లో ఒకరికే ఐఎల్‌ఆర్ ఉంటే లెక్క మరింత చిక్కుగా ఉంటుంది, ముందు ఇమిగ్రేషన్ సలహాదారును అడగండి. పిల్లలున్న కుటుంబం నిజంగా వీధిన పడే స్థితిలో ఉంటే, 1989 నాటి పిల్లల చట్టంలోని సెక్షన్ 17 కింద కౌన్సిల్ సోషల్ సర్వీసెస్‌ను ఆశ్రయించవచ్చు. అది ప్రభుత్వ నిధుల జాబితాలో లేదు. భర్త హింస వల్ల ఇల్లు వదలాల్సి వచ్చిన ఆడవాళ్ళు వీసా భయంతో అక్కడే ఉండిపోవద్దు. 2024 ఫిబ్రవరి 16 నుంచి విద్యార్థుల, ఉద్యోగుల జీవిత భాగస్వాములకు కూడా మూడు నెలల ప్రత్యేక అనుమతి, ఆ కాలంలో ప్రభుత్వ సాయం పొందే హక్కు అడిగే వీలుంది. అయితే అది మీ ఇప్పటి వీసా స్థానంలో వస్తుంది, కాబట్టి దరఖాస్తుకు ముందు న్యాయ సలహా తీసుకోండి. గృహహింస సహాయవాణి 0808 2000 247, రోజంతా పని చేస్తుంది, ఉచితం.

తెలుగు కుటుంబాల ఇళ్ళలో గది తీసుకుని ఉండేవారికి ఇంకో జాగ్రత్త. యజమాని కూడా అదే ఇంట్లో ఉంటే మీరు లాడ్జర్ అవుతారు. డిపాజిట్ భద్రత నియమాలు, ఆరు నెలల అద్దె నిషేధం మీకు వర్తించవు. మన వాళ్ళే కదా అని చేతికి నగదు ఇవ్వకండి. బ్యాంకు ద్వారా పంపి, దేనికి పంపారో అందులోనే రాయండి.

కౌన్సిల్ ఒప్పుకుంటే ఆ ఉత్తరం చేతికి వచ్చాకే ఒప్పందం మీద సంతకం చేయండి. ఫోనులో "అవుతుంది లెండి" అన్న మాట చాలదు. డబ్బు చాలాసార్లు నేరుగా యజమానికో ఏజెంటుకో వెళుతుంది. డిపాజిట్ ఎవరు కట్టినా, దాన్ని యజమాని 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన మూడు పథకాల్లో ఒకదానిలో జమ చేసి, ఆ వివరాలు మీకు ఇవ్వాలి. ఇవ్వకపోతే కోర్టు ఆ డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్ల వరకు మీకు ఇప్పించగలదు. మీ పాత ఇంటి డిపాజిట్ కూడా జమ అయిందో లేదో ఈ వారమే చూసుకోండి. చేరిన రోజు గోడలు, తివాచీ, వంటగట్టు, కిటికీల దగ్గర చెమ్మ అన్నీ ఫొటోలు తీసి ఏజెంటుకు ఈమెయిల్ చేయండి. కొత్త చిరునామా, కొత్త అద్దె అదే రోజు యూనివర్సల్ క్రెడిట్ జర్నల్‌లో (మీ ఆన్‌లైన్ ఖాతాలో సందేశాలు రాసే చోట) పెట్టండి, ఆలస్యమైతే అద్దె భాగంలో కోత పడుతుంది.

స్కాట్లండ్‌లో ఉన్నవారికి ఇవన్నీ ఇలాగే వర్తించవు. అక్కడ డిపాజిట్ రెండు నెలల అద్దె వరకు ఉండవచ్చు, సాయం పథకాలూ వేరు. వేల్స్‌లో పాత డిస్క్రిషనరీ హౌసింగ్ పేమెంట్ పద్ధతే నడుస్తోంది.

తిరస్కరిస్తే? అద్దె సాయం విషయంలో ట్రైబ్యునల్‌కు అప్పీలు లేదు, నిర్ణయాన్ని మళ్ళీ చూడమని కౌన్సిల్‌నే అడగాలి. కారణాలు రాతలో ఇమ్మని కోరండి, వాటికి ఒక్కొక్కటిగా జవాబు, కొత్త ఆధారం జతపరచండి. ఇల్లు కోల్పోయేవారి విభాగం ఇచ్చిన నిర్ణయం మీద అయితే పునఃపరిశీలన కోరే చట్టబద్ధమైన హక్కు ఉంది, గడువు 21 రోజులు. ఆ గడువు దాటనివ్వకండి. ఉత్తరం వచ్చిన రోజే, ఇళ్ళ సమస్యల మీద సలహా ఇచ్చే సంస్థ షెల్టర్ సహాయవాణి 0808 800 4444కు ఫోన్ చేయండి. ఈలోగా ఉన్న ఇంటి అద్దె ఆపవద్దు, ఎవరి మాటా విని ఇల్లు ముందుగా ఖాళీ చేయవద్దు. కావాలనే ఇల్లు పోగొట్టుకున్నారని కౌన్సిల్ అనడానికి ఆ రెండే ఎక్కువగా కారణమవుతాయి.

మీ నోటీసు మీద ఉన్న తేదీ, అందులో చూపిన కారణం, మీరు ఆ ఇంట్లో చేరిన తేదీ ఇక్కడ రాస్తే, అది చెల్లుతుందో లేదో చూసి చెబుతాను.